చూసేవాళ్ళ కాలం

మంచి కాలం అని రోజూ నా నోటితో నేనే అనే మాటలో, ఆ మంచి ఎవరిది?

ఈ ప్రశ్న నాకు పుస్తకం చదువుతుండగా రాలేదు. ఆఫీసులో నా బల్లకి అవతల కొత్తగా పెళ్ళయిన జంట కూర్చుని ఉండగా, వాళ్ళకి ఎప్పటి పాఠమే అప్పజెబుతుండగా, వాక్యం మధ్యలో వచ్చి నిలబడింది. మాది ప్రయాణాలు ఏర్పాటు చేసే ఆఫీసు. సముద్రాలు, కొండలు, పాత కోటలు తక్కినవాళ్ళు చూసుకుంటారు. అడవులు నావి. సఫారీకి ఎప్పుడు వెళ్తే బాగుంటుందని అడిగేవాళ్ళందరినీ నా దగ్గరికే పంపిస్తారు. నా జవాబు ఎప్పుడూ ఒకటే. ఎండలు ముదిరిన నెలల్లో వెళ్ళండి. అప్పటికి ఆకులు రాలిపోయి ఉంటాయి, గడ్డి చచ్చి నేలకి అంటుకుపోయి ఉంటుంది, చూపుకి ఏదీ అడ్డం రాదు. వాగులన్నీ ఎండిపోయి ఎక్కడో ఒక్క నీటిగుంట మిగులుతుంది. ఏనుగైనా, జింకైనా, చిరుతైనా ఆ గుంట దగ్గరికి రాక తప్పదు. మీరు వెతకక్కర్లేదు, జీపు నీడలో ఆపుకుని కూర్చుంటే అవే వస్తాయి.

"గ్యారంటీగా కనబడతాయా మేడమ్?" అన్నాడు పెళ్ళికొడుకు.

"దాహం కదండీ. కనబడక ఏం చేస్తాయి?"

ఇద్దరూ సంతోషంగా నవ్వారు. రోజూ అయితే నేనూ నవ్వేదాన్ని. ఆ మాట మీద నవ్వడం నా ఉద్యోగంలో భాగం. ఆ రోజు మాత్రం నా మాట నాకే కొత్తగా వినిపించింది. అన్ని దారులూ మూసుకుపోయి, ఉన్న ఒక్క నీళ్ళ చోటికి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వచ్చే కాలాన్ని నేను ఇన్నేళ్ళుగా మంచి కాలం అంటున్నాను. జింకని అడిగితే అలా అనదు.

ఆఫీసులో నన్ను అడవి మేడమ్ అంటారు. ఆ మేడమ్ ఇంతవరకూ అడవి చూడలేదు. సీజన్లో ఆఫీసు వదలదు, సీజన్ కాని రోజుల్లో ఇల్లు వదలదు. చుట్టాలొస్తే మా ఆయన నన్ను పరిచయం చేసే తీరు ఒకటుంది. "మా ఆవిడ చిరుతలకి పర్సనల్ సెక్రటరీ. వాటి అపాయింట్‌మెంట్లన్నీ ఈవిడ చేతిలోనే." వచ్చినవాళ్ళు నవ్వుతారు, నేను కాఫీ కప్పులు అందిస్తాను. పాత జోకే, కానీ అందులో ఒక నిజం ఉందని ఆయనకి తెలీదు. సెక్రటరీ ఎవరినైనా ఎవరితోనైనా కలిపిస్తుంది, తను మాత్రం గుమ్మం బయటే ఉంటుంది.

డిగ్రీలో నేను తత్వశాస్త్రం చదివాను. ఇప్పటికీ చదువుతాను. ఆ పుస్తకాలు మా ఇంట్లో ఫ్రిజ్ మీద ఉంటాయి, ఎందుకంటే నాకు చదువుకునే వీలున్న చోటు ఫ్రిజ్‌కీ పొయ్యికీ మధ్య నిలబడే ఆ కాస్త జాగా. "వంటింట్లో వేదాంతం ఎందుకమ్మాయ్, పాలు పొంగిపోతాయి" అంటుంది మా అత్తగారు. ఆవిడ మాటలో దురుద్దేశం లేదు. పాలు నిజంగానే చాలాసార్లు పొంగాయి.

ఈ ఏటితో మా పెళ్ళయి పాతికేళ్ళు. "ఎక్కడికైనా వెళ్దాం" అన్నది ఆయనే. "సఫారీకి వెళ్దాం. నీ డిపార్ట్‌మెంటే కదా, మాకు తిప్పలుండవు" అన్నదీ ఆయనే. ఆ రెండు మాటల మధ్య నేను ఎంత సంతోషించానో చెప్పాలి. రెండో మాటలో ఉన్న 'మాకు' అప్పుడు నా చెవిన పడలేదు. ఆ వారమంతా కూర తరుగుతూ అడవినే తలుచుకున్నాను. ఏ క్యాంపులో దీపాలు తక్కువో, ఏ దారిలో దుమ్ము ఎక్కువో, ఇతరుల కోసం కూడబెట్టిన తెలివంతా మొదటిసారి నాకు పనికి రాబోతోందనుకున్నాను.

ఇక ఎప్పుడు వెళ్ళాలన్నది. మా ఇంట్లో తేదీ కుదర్చడం ఒక పద్ధతి ప్రకారం జరుగుతుంది. ఎవరూ ఒకచోట కూర్చోరు. ఎవరికి కుదరనిది వాళ్ళు, నేను ఏదో పనిలో ఉండగా, దారిన పోతూ చెప్పి వెళ్తారు. ఆయన షూ వేసుకుంటూ "లెక్కలు ముగిసే నెలలో నన్నడగొద్దు" అంటారు. అమ్మాయి బాత్‌రూమ్ తలుపు వెనకనుంచి పరీక్షల తేదీలు అరుస్తుంది. ఆడపడుచు ఫోన్లో "వదినా, మేమూ వస్తాం, పిల్లలకి బడి సెలవులుండేట్టు చూడు" అంటుంది. అత్తగారికి చలిలో కీళ్ళు పట్టేస్తాయి, వానల్లో ఆయాసం వస్తుంది. ఆవిడ ప్రయాణానికి రాదు, కానీ ఆ రోజుల్లో నేను ఇల్లు కదలకూడదు. ఇవన్నీ తీసేయగా మిగిలిన వారాన్ని నేను పట్టుకుని అందరికీ చూపించాలి. సంవత్సరం మొత్తం నా తలలో ఉంటుంది. ఎవరి నెల ఎక్కడ బరువో, ఎక్కడ తేలికో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఆ సంవత్సరంలో నా నెల అంటూ ఏదీ లేదని నాకెప్పుడూ తోచలేదు. నేను వాళ్ళ నెలల మధ్య వేసిన కుట్టుని. కుట్టు తెగినప్పుడు తప్ప ఎవరికీ కనబడదు.

మిగిలిన వారం నడివేసవిలో పడింది. ఆఫీసులో అప్పుడు ఎవరికీ సెలవివ్వరు. మా మేనేజరు దగ్గర నేను పాతికేళ్ళ పెళ్ళిని అడ్డం పెట్టుకుని బతిమాలాను. "సీజన్లో మీరు లేకపోతే షాపు మూసుకోవడమే మేడమ్" అన్నాడు. మెచ్చుకోలులాగే ఉంటుంది, కానీ తలుపు గడియ పడిన చప్పుడు కూడా వినిపిస్తుంది. ఆఖరికి, వచ్చే నెలలో రెండు ఆదివారాలు నేను వచ్చి కూర్చుంటానంటే ఒప్పుకున్నాడు. అత్తగారి దగ్గర ఉండడానికి పక్కింటి పిన్నిగారిని ఒప్పించాను. ఆవిడకి నడుం నొప్పి, అందుకని మా మంచం ఆవిడకి ఎత్తు సరిపోతుందో లేదో పడుకోబెట్టి మరీ చూశాను. అన్నీ కుదిరాక ఒక మధ్యాహ్నం ఆఫీసునుంచి క్యాంపుకి ఫోను చేశాను. అక్కడ బుకింగులు చూసే అమ్మాయి నాకు గొంతుతో బాగా తెలుసు. ఎన్నో కుటుంబాలని ఆ పిల్లా నేనూ కలిసి అడవిలోకి పంపించాం.

"జీపులో ఎంతమంది మేడమ్?"

"ఆరుగురు."

తడుముకోకుండా చెప్పాను. జీపులో ఆరు సీట్లే ఉంటాయి కాబట్టి "సరిగ్గా సరిపోయారు మేడమ్" అంది ఆ పిల్ల. "అవును, మంచి లెక్క" అని నేను కూడా ముచ్చటపడ్డాను.

ఆదివారం మధ్యాహ్నం ఆడపడుచు కుటుంబం భోజనానికి వచ్చింది. తిన్నాక కూడా ఎవరూ బల్ల దగ్గరనుంచి లేవలేదు. ఆయన ఉషారుగా ఎంగిలి కంచాలు పక్కకి జరిపి బల్ల మీద జీపు కట్టారు. మంచినీళ్ళ జగ్గు డ్రైవరు. ఉప్పు డబ్బా గైడు. వెనక రెండు వరుసలుగా స్టీలు గ్లాసులు, వరుసకి మూడు.

"ఇది నేను. చివర. కెమెరా నాదగ్గరుంటుంది కాబట్టి అడ్డం ఉండకూడదు" అన్నారు.

"మామయ్యా, నేనే చివర!" అన్నాడు ఆడపడుచు పెద్దకొడుకు.

"నువ్వు చివర కూర్చుంటే తోక పట్టుకుని దిగిపోతావురా. మధ్యలో ఉండు."

"ఎవరి తోక?"

"ముందు ఏది కనబడితే దానిది."

ఆడపడుచు తన గ్లాసుని ముందు వరుసకి జరిపింది. "నాకు వెనక కూర్చుంటే వాంతులు. అన్నయ్యా, నన్ను డ్రైవరు వెనకాలే పెట్టు." ఆమె భర్త తన గ్లాసుని ఆమె పక్కన పెట్టి, "నేనెక్కడున్నా ఒకటే బావగారూ, ఏనుగులకి నేను కనబడితే చాలు" అన్నాడు. అతను లావుగా ఉంటాడు, ఆ జోకు అతనే వేసుకుంటాడు. మా అమ్మాయి, ఆడపడుచు చిన్నవాడు కిటికీ లేని జీపులో కిటికీ సీటు కోసం పోట్లాడుకున్నారు. నేను వంటింటి గుమ్మంలో తడిచేతులతో నిలబడి చూస్తూ నవ్వుతున్నాను. ఎంత ముచ్చటగా ఉందో. నేను కుదిర్చిన ప్రయాణం నా కళ్ళముందే గ్లాసులెక్కి బయల్దేరుతోంది.

ఏదో తక్కువైందని ముందు కనిపెట్టింది మా అత్తగారు. కుర్చీలో కునుకుతున్న మనిషి కళ్ళు తెరిచి, "అదేంట్రా, మరి నీ పెళ్ళాం ఏది?" అంది.

ఆయన గ్లాసులు లెక్కపెట్టారు. మళ్ళీ లెక్కపెట్టారు. "అరె!" అని నా వైపు చూసి, "జీపులో ఎంతమందికి చెప్పావు?" అన్నారు.

"ఆరుగురికి" అన్నాను.

అనేటప్పుడు కూడా నాకు తెలియలేదు. అన్నాక, నా మాట బల్ల దాకా వెళ్ళి ఆ గ్లాసులని తాకి తిరిగి వచ్చాక తెలిసింది.

చిన్నవాడు గిన్నె మీది మూత తీసి జీపుకి దూరంగా, బల్ల అంచున పెట్టి, "అత్తయ్య ఇక్కడ! జీపు బయట! చిరుత తినేస్తుంది!" అని కేక పెట్టాడు. అంతే, బల్లంతా పగలబడి నవ్వింది. ఆయనకి నవ్వుతో పొలమారింది. "లోకానికంతా బుకింగులు చేసే మనిషి, తన టికెట్టే మర్చిపోయింది చూడండి!" అన్నారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే వాళ్ళ నవ్వు చెడిపోతుంది. అది చెడగొట్టడం నాకు చేతకాదు.

"ఇంకో జీపు మాట్లాడొచ్చుగా?" అంది అమ్మాయి.

"ఒక్క మనిషికి ఇంకో జీపా?" అన్నారు ఆయన. "పైగా ఇద్దరు ఇటు, ఐదుగురు అటు, అంతా చీలిపోతాం. సరదా ఏముంటుంది?"

"వదినకి అడవి కొత్తా ఏంటి, రోజూ అందులోనే కదా ఉద్యోగం!" అంది ఆడపడుచు. తర్వాత నా చెయ్యి పట్టుకుని, ప్రేమగానే, "నిజం చెప్పనా వదినా, నువ్వు అమ్మ దగ్గరుంటే నాకు బెంగుండదు" అంది.

"పక్కింటావిడని ఇబ్బంది పెట్టే పని కూడా తప్పుతుంది" అన్నారు ఆయన. అప్పుడే దొరికిన వస్తువుని జేబులో వేసుకున్నట్టుంది ఆ గొంతు. జోకుగా మొదలైంది ఏర్పాటుగా మారడానికి కాఫీ చల్లారేంత సేపు కూడా పట్టలేదు.

"అక్కయ్యగారు త్యాగమూర్తి" అన్నాడు ఆడపడుచు భర్త. ఆ మాట వింటే నాకు కూడళ్ళలో నిలబెట్టిన రాతిబొమ్మలు గుర్తొస్తాయి. ఎండకీ వానకీ నిలబడే ఉంటాయి. కూర్చోమని ఎవరూ అనరు.

గ్లాసులు తీసుకొచ్చి తొట్టిలో వేసి కుళాయి తిప్పాను. కోపం వస్తుందనుకుని ఎదురు చూశాను. రాలేదు, ఎందుకంటే కోపానికి ఒక మనిషి కావాలి, నాకు ఎవరూ దొరకలేదు. నన్ను ఎవరూ జీపులోంచి దింపలేదు. నేనే ఎక్కలేదు. సెలవు కోసం బతిమాలినదాన్ని, పిన్నిగారి నడుముకి మంచం ఎత్తు కొలిచినదాన్ని, అడవి తలుచుకుంటూ వేలు తెగ్గోసుకున్నదాన్ని, ఎంతమంది అని అడిగేసరికి నన్ను వదిలేసి లెక్క చెప్పాను. అదీ తడుముకోకుండా. లెక్కపెట్టే మనిషి లెక్కలో ఉండదన్న అలవాటు ఆఫీసులో నేర్చుకున్నానా, ఇంట్లో నేర్చుకుని ఆఫీసుకి పట్టుకెళ్ళానా? ఏ గ్లాసు కడుగుతున్నానో చూసుకోకుండా చాలాసేపు అదే ఆలోచించాను. చివరికి ఇంత తేలింది. వాళ్ళు నన్ను మర్చిపోవడం నేను సరిదిద్దగలను. ఒక్క మాట చాలు, ఇంకో జీపు వస్తుంది. నేను నన్ను మర్చిపోవడాన్ని రెండో జీపు సరిదిద్దలేదు.

చూసేవాడు వేరు, చూడబడేది వేరు అని పుస్తకాలు ఎన్నో విధాలుగా చెబుతాయి. ఎన్నో ఏళ్ళు నిలబడి చదివాను. చూసేవాడు ఎప్పుడూ నీడలో, ఒళ్ళో నీళ్ళ సీసా పెట్టుకుని కూర్చుని ఉంటాడని మాత్రం నేను చదివినవాటిలో ఎక్కడా లేదు. మా ఇంట్లో నన్ను చూడాలంటే ఎవరూ వెతకక్కర్లేదు. వంటింట్లో ఉంటుంది, పొద్దున్నా అక్కడే, సాయంత్రమూ అక్కడే, అంటారు. నిజమే. అయితే అది నాకు ఆ చోటి మీద ఉన్న ఇష్టమనుకున్నారు, నేనూ అలాగే అనుకున్నాను. పై చదువుకి దరఖాస్తు చేస్తానన్న ఏడాదే అమ్మాయి పుట్టింది, ఆ దారి ఇంకిపోయింది. శనివారాలు ఫోను చేసుకునే స్నేహితురాలు ఉండేది. "మళ్ళీ మొదలైంది గంటల కచేరీ" అని ఆయన అనడం మొదలుపెట్టాక నేనే కుదించుకున్నాను, తర్వాత ఆమె కుదించుకుంది. సాయంత్రం నడకకి వెళ్ళే దారి అత్తగారి మందుల వేళతో ఆగిపోయింది. ఒక్కోటీ ఎండిపోయినప్పుడు చప్పుడు చెయ్యలేదు. మిగిలిన గుంట దగ్గరికి నేను రాక తప్పలేదు. అందరికీ చక్కగా కనబడ్డాను.

నిరుడు ఒకావిడ వచ్చింది ఆఫీసుకి. రిటైరైన నర్సు. వానల్లో వెళ్తానంది. వద్దన్నాను. ఆకు దట్టంగా ఉంటుంది, గడ్డి మనిషెత్తు పెరుగుతుంది, ఎక్కడ చూసినా నీళ్ళే కాబట్టి జంతువులు చెల్లాచెదురైపోతాయి, ఏదీ కంటపడదు, డబ్బు దండగ అని నచ్చజెప్పాను. వినలేదు. తిరిగొచ్చాక ఊరుకోలేక అడిగాను, ఏం కనబడ్డాయండీ అని. "ఏమీ కనబడలేదమ్మా. ఎంత బాగుందో!" అంది. అప్పుడు ఆవిడని చూస్తే జాలేసింది. ఆవిడ ఇంకా చెబుతూనే ఉంది. ఏనుగులు వెళ్ళిన దారిలో విరిగిన కొమ్మలున్నాయట, గడ్డిలో ఏదో కదిలి ఆగిపోయేదట. "నీళ్ళు ఎక్కడపడితే అక్కడున్నాయి కదా. ఎవరికీ ఎక్కడికీ రావలసిన పని లేదు. నాక్కూడా." ఆ చివరి మాట ఆవిడ మామూలుగానే అంది. నాకు చేరడానికి ఏడాది పట్టింది.

"అమ్మా."

అమ్మాయి వచ్చి తువ్వాలు తీసుకుని, నేను కడిగిన గ్లాసులు తుడవడం మొదలుపెట్టింది. అది వంటింట్లోకి వచ్చి పని అందుకోవడం అరుదు. దానికి సిగ్గుగా ఉందని ఆ తుడిచే తీరులోనే తెలిసింది.

"నా సీటు నువ్వు తీసుకో. నేను నానమ్మ దగ్గరుంటా. నాకెలాగూ ప్రాజెక్టు పని ఉంది."

తీసుకుంటే ఎంత తేలిక! అందరూ అమ్మాయిని మెచ్చుకుంటారు, నేను అడవి చూస్తాను. కానీ ఆ సీటు వదులుకోవడాన్ని అది ఇవాళ నా దగ్గర నేర్చుకుని పోతుంది. ఆ విద్య నా దగ్గరే ఆగిపోవాలి.

"నీ సీటు నీదే. ఎవరికీ ఇవ్వకు, నాకు కూడా. నాకు ఆ కాలం వద్దు."

"మరి ఏ కాలం కావాలి?"

ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఈ ప్రశ్నకి వందలమంది తరపున జవాబు చెప్పాను. నన్ను అడిగినవాళ్ళు లేరు. అడిగితే చెప్పడానికి నా దగ్గర ఏమైనా ఉందా అన్నది కూడా తెలియదు. ఉంది. వెతకకుండానే ఉంది.

"వానలు" అన్నాను.

"వానల్లో ఏమీ కనబడవు అంటావు కదా నువ్వే!"

"అవును. అప్పుడే వెళ్ళాలి. నేనొక్కదాన్నే."

అది తువ్వాలు భుజం మీద వేసుకుంది. "నాన్న ఒప్పుకోరు" అంది. తర్వాత, కొంచెం ఆలోచించి, "ఒప్పుకోవడం ఎందుకులే, నువ్వు అడగట్లేదుగా" అంది. నేను అంతదూరం ఇంకా వెళ్ళలేదు. నా కూతురు నాకన్నా ఒక అడుగు ముందుంది.

సోమవారం వెళ్ళగానే మేనేజరు గదికి వెళ్ళి, నడివేసవిలో తీసుకున్న సెలవు వెనక్కిచ్చేశాను. దాన్ని వానాకాలం మధ్యకి మార్చమన్నాను. అతను ముందు నా ఆరోగ్యం గురించి అడిగాడు, తర్వాత ఇంట్లో అందరి ఆరోగ్యం గురించి. ఏ జబ్బూ లేదని తేలాక, "వానల్లో అయితే నెల రోజులు తీసుకోండి మేడమ్, ఇక్కడ ఈగలు తోలుకోవడమే కదా" అన్నాడు. ఆదివారాలు రావడం మాత్రం ఇక కుదరదన్నాను. వేసవి అంతా నేనుంటున్నాను కాబట్టి ఆ బేరం చెల్లదు. అతను కొంచెం ఆశ్చర్యంగా, సరే అన్నాడు. ఇంత తేలికగా సరే అనే మనిషిని నేను ఇన్నాళ్ళూ ఎందుకు బతిమాలాను?

ఇల్లు అలా ఉండదని తెలుసు. సాయంత్రం దీపాలు వేశాక, ఆయన సోఫాలో కాఫీ తాగుతుండగా, అత్తగారు పక్క కుర్చీలో టీవీ చూస్తుండగా, టీవీ శబ్దం తగ్గించి చెప్పాను. ఆవిడ కూడా వినాలనే అక్కడ చెప్పాను.

"మీరందరూ అనుకున్నట్టే వేసవిలో వెళ్ళి రండి. అత్తయ్యని నేను చూసుకుంటాను. వానాకాలంలో నేనొక్కదాన్నే వెళ్తాను. ఆ వారం అత్తయ్యని మీరు చూసుకోండి."

ఆయన కప్పు కిందపెట్టారు. "వానల్లో అడవికా? కప్పల సఫారీయా?"

"కప్పలు కనబడినా సంతోషమే."

"జోకులు కాదు. బల్ల దగ్గర ఏదో సరదాకి నవ్వాం, అది మనసులో పెట్టుకున్నావా? సరే, ఇంకో జీపు మాట్లాడు, పోనీ. నువ్వూ రా."

"కోపంతో కాదండీ. నాకు నిజంగానే ఆ కాలం ఇష్టం."

"ఎప్పటినుంచి?"

"నిన్నటినుంచి."

ఇష్టం పాతదైతే మర్చిపొమ్మనేవారు. "ఒక్కదానివే వెళ్తే చూసేవాళ్ళు ఏమనుకుంటారు?" అన్నారు.

"చూసేవాళ్ళందరూ ఎండల్లోనే వెళ్ళి వచ్చేస్తారు. వానల్లో ఎవరూ ఉండరు."

"అమ్మకి వానాకాలంలోనే ఆయాసం. తెలిసి తెలిసి ఆ నెలే ఎందుకు పెట్టుకున్నావు?"

ఇది ఉత్త మాట కాదు. ఆవిడకి ఊపిరి అందనప్పుడు ఆవిరి మిషను పెట్టి, వీపు నిమురుతూ కూర్చునేది నేనే. ఆవిడ ఛాతీలో పిల్లికూత ఏ స్థాయికి వస్తే డాక్టరుకి ఫోను చెయ్యాలో నా చెవికి తెలుసు. ఆ చెవిని తీసుకుని అడవికి వెళ్తున్నాను. వెళ్ళకూడదనడానికి ఈ ఇంట్లో ఉన్న ఒకే ఒక్క నిజమైన కారణం అది. నిన్నటినుంచీ దానికి జవాబు వెతుకుతూనే ఉన్నాను.

"ఆవిరి మిషను పెట్టడం కష్టం కాదండీ. వానలకి ఇంకా చాలా నెలలున్నాయి. ఈ వారంనుంచి మీరే పెట్టండి, నేను పక్కనుంటాను. కూత తేడా కూడా నేర్పుతాను. ఆవిడ మీ అమ్మ. మీ చెవికి నాకన్నా త్వరగా పట్టుబడుతుంది."

"నాకు ఆఫీసుంది."

"నాకూ ఉంది."

ఆయన సాయం కోసం అమ్మ వైపు చూశారు. అత్తగారు టీవీ మీదనుంచి కళ్ళు తిప్పకుండా, "ఆ మిషను నేను పెట్టుకోలేకా? పెట్టేవాళ్ళు ఉండగా ఎందుకు పెట్టుకోవాలని ఊరుకున్నాను" అంది. నాకు కోపం రావలసిన మాట. కానీ ఈ ఇంటిని గురించి ఇంత నిజాయితీగా ఎవరూ చెప్పలేదు. నవ్వొచ్చింది. ఈసారి ఎవరి కోసమూ కాదు, నాకే వచ్చింది.

"సరే, చూద్దాంలే" అన్నారు ఆయన కప్పు తీసుకుంటూ. "ముందు ఈ ట్రిప్పు కానీ."

మా ఇంట్లో చూద్దాం అనే మాట మీద నాకు పాతికేళ్ళ అనుభవం ఉంది. అందులో పడ్డవేవీ తిరిగి పైకి రాలేదు. ఆయన గుక్క మింగేలోపు నేను ఫోను తీసుకుని, అక్కడే నిలబడి క్యాంపుకి చేశాను. బుకింగుల అమ్మాయి గొంతు గదిలో అందరికీ వినిపించింది.

"వానాకాలంలోనా మేడమ్? మీకు చెప్పక్కర్లేదు, ఏమీ కనబడకపోవచ్చు."

"తెలుసు."

"పేరు ఎవరిది రాయను?"

నా పేరు చెప్పాను. ఆ పిల్ల "మీరేనా మేడమ్! మీరొస్తున్నారా!" అంది. తర్వాత ఉద్యోగం గుర్తొచ్చి గొంతు సవరించుకుంది. "ఒక్క సంగతి మేడమ్. ఆ రోజుల్లో వాగు పొంగితే దారి మూసుకుపోతుంది. నీళ్ళు తగ్గేదాకా రెండు మూడు రోజులు ఇక్కడే ఉండిపోవాలి. సిగ్నలు కూడా ఉండదు, ఇంటికి కబురు పంపలేం. పర్వాలేదా?"

ఆయన చెయ్యి ఊపుతూ వద్దని సైగ చేస్తున్నారు. అత్తగారు మొదటిసారి టీవీ మీదనుంచి చూపు తిప్పి నన్ను చూసింది. వాళ్ళిద్దరినీ చూస్తూనే నేను ఫోనులో అన్నాను.

"అయితే వాగు పొంగేదాకా ఎందుకు, ఆ మూడు రోజులు కూడా ఇప్పుడే కలిపి రాసేయమ్మా."